ఫ్రిజ్‌లో కాఫీ పాలు

ఆ తియ్యటి విస్కీని నేను మొదటిసారి తాగింది బెంగళూరులో, మా ఆడబిడ్డ ఇంట్లో. భోజనాలయ్యాక ఆమె ఒక నల్లటి సీసా తీసి, చిన్న గ్లాసుల్లో ఐసు ముక్కలు వేసి, వాటి మీద కాఫీ రంగులో చిక్కగా ఉన్నదేదో పోసింది. విస్కీ అనగానే నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇందులో విస్కీ కంటే మీగడే ఎక్కువ వదినా, ఆడవాళ్ళంతా తాగేదే అని గ్లాసు చేతిలో పెట్టింది. పాలకోవాను కాఫీలో కరిగించినట్టుంది. మింగాక మాత్రం గొంతులో చిన్న వేడి మిగిలింది. రెండో గ్లాసు నేనే అడిగాను.

దాన్ని ఎవరెవరు ఎట్లా తాగుతారో కూడా ఆమే చెప్పింది. కొందరు వేడి కాఫీలో ఒక మూత పోసుకుంటారట, కొందరు చల్లటి పాలల్లో. తన ఆఫీసు స్నేహితురాళ్ళు ఐస్‌క్రీం మీద పోసుకుని చెంచాతో తింటారట. ఒక్క నిమ్మకాయ మాత్రం తగలకూడదంది. ఈ మాట మా ఆయన వినలేదు. ఆమె కట్టిచ్చిన సీసాలోది ఊరికొచ్చాక నిమ్మ సోడాలో కలుపుకున్నాడు, గ్లాసులో పాలు విరిగినట్టు విరిగి ముద్దలు తేలాయి.

అట్లాంటి సీసా మా ఆత్మకూరులో దొరకదు. అందుకని ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే చెయ్యడం నేర్చుకున్నాను. డబ్బాల్లో అమ్మే చిక్కటి తియ్యపాలు, దాదాపు అంతే క్రీము, కాసిని వేడినీళ్ళలో చిక్కగా కలిపిన కాఫీ పొడి, ఒక చెంచా కోకో, కొద్దిగా వెనిలా ఎసెన్సు మిక్సీ గిన్నెలో వేసుకోవాలి. విస్కీ చివర్న పొయ్యాలి. పోశాక మిక్సీని అలా తిప్పి ఇలా ఆపెయ్యాలి. మొదటిసారి నేను చట్నీకి తిప్పినట్టు తిప్పితే క్రీమంతా వెన్నయి పైకి తేలింది, గుడ్డలో వడగట్టుకున్నాం. ఆ తర్వాత చెయ్యి కుదిరింది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే చాలు, అన్నీ కలిసిపోయి వాసనకు కాఫీ తప్ప ఇంకోటి తెలియదు.

విస్కీ తెచ్చేది మా ఆయన. ఆయన సబ్‌స్టేషన్లో పనిచేస్తాడు. స్నేహితులతో మందుకు కూర్చుని వచ్చిన రోజు నేను ఆయనతో మాట్లాడేదాన్ని కాదు, పక్క వేరే గదిలో వేసుకునేదాన్ని. కానీ నా సీసా విషయానికొస్తే అది మందు అని ఎప్పుడూ అనుకోలేదు. మా ఇద్దరి మధ్య దాని పేరు కాఫీ పాలు. అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉంది, ఇంట్లో మేమిద్దరమే. బడి నుంచి వచ్చి, స్టీలు గ్లాసులో కాసిని పోసుకుని, వరండాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తాగేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు చూసినా టీచరమ్మ కాఫీ తాగుతోందనే అనుకుంటారు. స్టీలు గ్లాసు ఎందుకు వాడుతున్నానో నాకు తెలుసు. తెలిసీ, తెలియనట్టే ఉన్నాను.

అట్లా ఉండగా మా అమ్మకు కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. అమ్మది ఉదయగిరి పోయే దారిలో చిన్న పల్లె. తమ్ముడూ మరదలూ పొద్దున్నే బత్తాయి తోటల్లో పనికి పోతారు. దుమ్ము, పొయ్యి పొగ, పశువులు, అక్కడ కన్ను ఆరదని నెల్లూరు ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాను. పొద్దునా సాయంత్రం నేనే కంట్లో చుక్కలు వేసేదాన్ని. పగలంతా నేను బడిలో, ఆయన డ్యూటీలో. అమ్మ నల్లద్దాలు పెట్టుకుని ఒక్కతే ఇంట్లో ఉండేది.

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. నా చిన్నప్పుడు మా వైపు ఊళ్ళల్లో ఆడవాళ్ళంతా కలిసి సారా అంగళ్ళు మూయించారు. ఇక్కడివాళ్ళకు ఆ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. మా పల్లెలో ముందు నిలబడింది మా అమ్మ. సారా ప్యాకెట్లు తెచ్చే జీపు ముందు, మట్టి రోడ్డు మీద, ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి పడుకుంది. చేతిలో చీపురు, కొంగున కారప్పొడి. ఆ రోజు జీపు వెనక్కి పోయింది. ఆ రాత్రే మా నాయన పక్క ఊరికి పోయి తాగొచ్చాడు. అమ్మ తలుపు తియ్యలేదు. నేను లోపల దుప్పట్లో ఉండి, బయట ఆయన తిట్టే తిట్లు వింటూ పడుకున్నాను. కొన్నేళ్ళకు కడుపు ఉబ్బి ఆయన పోయాడు. అప్పటినుంచి అమ్మ, ఘాటు వాసన వస్తే దగ్గు మందు కూడా ముట్టేది కాదు.

అలాంటి మనిషి ఇంటికొస్తోందంటే నేను చెయ్యాల్సిన మొదటి పని ఆ సీసా తీసెయ్యడం. తియ్యలేదు. షరబత్తు సీసాలో పోసి, పాల ప్యాకెట్ల వెనక్కి జరిపాను, అంతే.

కొన్నాళ్ళకు సీసాలో మట్టం దిగుతున్నట్టు అనిపించింది. ఆయన తాగుతున్నాడనుకున్నాను. నేను తాగుతున్నానని ఆయన అనుకున్నాడట. ఎవరికి వాళ్ళం సిగ్గుపడి, ఒకరినొకరం అడగలేదు. అయిపోవస్తోందని నేను ఇంకోసారి చేసి నింపి పెట్టాను కూడా.

ఆ ఆదివారం ఆయన డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం అమ్మ నిద్రపోతోంది కదా అని వంటింట్లో నిలబడే గ్లాసు నింపుకుని తాగాను. ఎండ తగ్గాక అమ్మ లేచింది, చుక్కల వేళయింది. ఆమెను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన కూర్చుని, వేలితో కింది రెప్ప లాగి, చుక్కల మందు సీసా పట్టుకుని వంగాను. చుక్క పడిందో లేదో అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“మీ నాయన నోరు ఇట్లనే వాసనొచ్చేది,” అంది.

కోపంగా అనలేదు. కళ్ళు మూసుకుని, ఏదో గుర్తొచ్చిన దానిలాగా అంది. కాఫీ తాగానమ్మా, అదే అయ్యుంటుంది అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పుడు తలుచుకున్నా ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

“ఏ కాఫీ? ఫ్రిజ్‌లో సీసాలో ఉండేదా?”

నేను చుక్కల సీసాకు మూత బిగించసాగాను.

“అది నేనూ తాగతా ఉండానే రోజూ,” అంది అమ్మ. “నాకోసమే చేసి పెట్టినావనుకున్నాను పాపా.”

లేచి కూర్చుంది. కన్ను ఇంకా తడిగానే ఉంది, చుక్క చెంప మీదికి జారుతోంది. అరచెయ్యి దొన్నెలా చేసి నోటికి అడ్డం పెట్టుకుని ఊదుకుంది. ఊది, వాసన చూసుకుంది. మళ్ళీ ఊదుకుంది. ఎప్పుడో ముందురోజు తాగింది, వాసన ఎక్కడుంటుంది? అయినా ఆమె చూసుకుంటూనే ఉంది. మా నాయన చేతిలో తన్నులు తింటున్నప్పుడు కూడా మా అమ్మను అంత చిన్నగా నేను చూడలేదు.

చెప్పక తప్పలేదు. అందులో విస్కీ ఉందని, కొంచెమేనని, మిగతాదంతా పాలూ చక్కెరేనని చెప్పాను. చెబుతూ ఉంటే నా గొంతు నాకే మా ఆడబిడ్డ గొంతులా వినిపించింది. అల్లుడికి తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఇద్దరూ తాగతారా అంది. అవునన్నాను. అప్పుడు లేచి, గోడ పట్టుకుంటూ పెరట్లో కొళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించడం మొదలుపెట్టింది. వంగొద్దమ్మా, కంటికి మంచిది కాదు అని పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

తర్వాత కొన్ని సంగతులు ఆమే చెప్పింది. మొదటిరోజు చల్లటి నీళ్ళ కోసం ఫ్రిజ్ తీసిందట. తాగితే మోకాళ్ళ నొప్పులు తెలియకుండా నిద్ర పట్టిందట. మా మరదలికి ఫోన్ చేసి, పాప బడికి పోతా పోతా నాకు కాఫీ పాలు చేసి పెట్టి పోతాంది, అంత బాగా చూసుకుంటాంది అని చెప్పిందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె నావైపు చూడలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

దీపాలు పెట్టే వేళకు, వరండా మెట్టు మీద కూర్చుని ఉండగా అడిగింది. “తియ్యగా ఉండాది కదా అది. మీ నాయన తాగింది కూడా ఇట్లనే ఉండిందా?”

“లేదమ్మా. సారా గొంతు కాలుస్తుందంట.”

“మరి దేనికి తాగినాడో,” అంది.

అంతే. నాయన సంగతి పక్కనపెడితే, నేను దేనికి తాగుతున్నానని ఆమె అడగలేదు. అడిగి ఉంటే, తాగితే బాగుంటుంది కాబట్టి అని చెప్పాల్సి వచ్చేది.

ఆ సాయంత్రం సీసా అంతా సింకులో పోసేశాను. వంటిల్లంతా కాఫీ వాసన. అమ్మ బీపీ మాత్రలు వేసుకునే మనిషి కదా, ఏమైనా అయ్యుంటేనో అని అప్పుడు భయం పట్టుకుంది. ఆసుపత్రికి ఫోన్ చేసి ఎవరో తెలిసినవాళ్ళ సంగతన్నట్టు అడిగాను. ఏమీ కాదులెండి, ఇకమీద ఇవ్వకండి అన్నారు. ఆయన వచ్చాక విషయం చెప్తే, విషమేం కాదుగా అని నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు. అమ్మ అన్నం తినలేదు. కన్ను ఇంకా కుదుట పడకపోయినా, సోమవారమే ఊరికి పోతానంది. ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం. దారి పొడుగునా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. చూసేవాళ్ళు దుమ్ముకనుకుని ఉంటారు.

నెల దాటాక మళ్ళీ వెళ్ళాను. నేను పోయిన రోజే ఊళ్ళో హైస్కూలు హెడ్మాస్టరు ఇంటికొచ్చాడు. అమ్మను ఆయన ఏటా ఒకసారి బడికి పిలుస్తాడు. సారా అంగడి ఎట్లా మూయించారో పిల్లలకు చెప్పమంటాడు. అమ్మకు అది పండగ. ఉతికిన చీర కట్టుకుని, కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే చెప్తుంది. జీపు డ్రైవరు ఎట్లా హారన్ కొట్టాడో కొట్టి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారట. ఈసారి ఆయన అడగ్గానే అమ్మ, ఒంట్లో బాగలేదు సారూ, ఈసారికి ఇంకెవుర్నన్నా పిలుచుకోండి అంది. ఆయన నావైపు తిరిగి, మీరైనా చెప్పండమ్మా అన్నాడు.

అమ్మ నన్నే చూస్తోంది. నేను, నిజమే సార్, నీరసంగా ఉంటోంది అన్నాను. ఆయన ఇంకాసేపు కూర్చుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఆయన బండి మలుపు తిరిగాక అమ్మకు నచ్చజెప్పబోయాను. తెలియక తాగావు, అందులో నీ తప్పేముంది, నేను కదా దాచిపెట్టింది అన్నాను. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. కొత్త చూపు బాగా వచ్చినట్టుంది, చిన్న రాయిని కూడా వదలడం లేదు.

“తెలీకనే తాగినాను,” అంది. “బాగుండాదనుకునింది మాత్రం తెలిసే కదా. రేపు ఎప్పుడైతాదా అని చూసినాను పాపా. ఆ పిల్లోళ్ళ ముందర నిలబడి ఏం చెప్పేది?”

నేను మానేశానని చెప్పాను. అది నిజమే. మంచిది అంది ఆమె, తల ఎత్తలేదు. నేనూ పక్కన కూర్చుని బియ్యంలో చెయ్యి పెట్టాను. నువ్వు పో, బస్సు టైమైతాంది అంది.