ఎదురుకాళ్ల సువార్త

సువార్త ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవారు కాలితో మూడుసార్లు తాకితే నడుము పట్టు విడుస్తుందని ఆర్మూర్ చుట్టుపక్కల నమ్మకం. పసుపు తవ్వకాలు మొదలైతే చాలు, పొద్దున్నే ఇద్దరు ముగ్గురు ఆమె వాకిట్లో బోర్లా పడుకునేవారు. ఆ తాకిడిలో మహిమ ఉందనడానికి ఆధారం లేదు. లేచినవారు పనికి వెళ్లడం మాత్రం అందరూ చూసినదే.

నలభై రెండో ఏట ఆమెను ఒళ్లంతా నొప్పులు పట్టుకున్నాయి. మెడ, భుజాలు, మోకాళ్లు, ఏది ఎక్కువో చెప్పలేకపోయేది. నిద్ర లేచినా అలసటే. రెండేళ్లు దవాఖానలు తిరిగాక నిజామాబాద్‌లో ఒక డాక్టరు దానిని ఫైబ్రోమయాల్జియా అన్నాడు. పరీక్షల్లో కనబడదనీ, పూర్తిగా పోదనీ చెప్పాడు. భర్త దయానంద్ మొదటి మాటే పట్టుకున్నాడు.

"రిపోర్టుల ఏం లేదన్నరు గదా. ఇంక దేనికి ఫికర్?"

సువార్త పనిచేసే వెంకవ్వ జట్టు పన్నెండు మంది ఆడవాళ్లది. తల్లిదుంప నుంచి పసుపు కొమ్ములు విరిచే పనిని గుత్తకు తీసుకుంటారు. ఒకరు వెనకబడితే ఆమె కుప్పను మిగతావారు ముగించాలి. సువార్త కుప్ప రెండు సీజన్లుగా మిగులుతోంది.

"నీ కాలు తాకితే మా నడుములు లేస్తయి. నీకే నొప్పులంటే ఎట్ల నమ్మాలె పిల్లా?" అని వెంకవ్వ నవ్వింది. నవ్వు ఆపి, "గీసారి కుప్ప మిగిలితే నీ జాగల ఇంకొకల్లను కూసోవెడత" అంది.

పదిహేనో ఏట నుంచి కూర్చున్న వరుస అది. అక్కడి నుంచి లేపితే ఇంటి గోడలు, మందుబిళ్లలు తప్ప సువార్తకు మరో లోకం లేదు.

నిజామాబాద్‌లోనే వెన్నును, కీళ్లను చేతులతో సర్దే కైరోప్రాక్టర్ దగ్గరికి అక్క లిదియా తీసుకెళ్లింది. అతడు మెడ నొక్కి చూసి, "ఎన్ని దినాలు ఓర్చుకున్నవమ్మా" అన్నాడు. ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నాలుగు వారాలు వెళ్లింది. ఈ చికిత్స ఆ వ్యాధిని నయం చేస్తుందనడానికి గట్టి సాక్ష్యం లేదు. అతడూ దాచలేదు, "తగ్గినా జర నిమ్మలంగ పని చెయ్యి" అన్నాడు. అయినా వెళ్లిన ప్రతిసారీ ఆమె రెండు మూడు రాత్రులు నిద్రపోయింది, తన జడ తానే అల్లుకుంది. అదీ సాక్ష్యమే.

తగ్గడాన్ని ఆమె నయం కావడమనుకుంది. అంకాపూర్ కల్లంలో మొదటిరోజే తన కుప్ప ముగించి, పాత నామోషీ పోవాలని పక్కవారి కుప్పలోనూ చెయ్యి వేసింది. నాలుగోరోజు పిడికిలి ముడుచుకోలేదు. ఐదోరోజు ఆమె జాగాలో మహేశ్వరి కూర్చుంది. ఇందులో వెంకవ్వను నిందించలేం. మిగతా పదకొండు నడుములూ నడుములే. నిజామాబాద్ బస్సులో కూర్చునే శక్తి కూడా సువార్తకు లేకపోయింది.

వారం తిరగకముందే వెంకవ్వ నడుము పట్టుకుని వచ్చి వాకిట్లో బోర్లా పడుకుంది.

"జర తాకించు పిల్లా."

సువార్త గోడ పట్టుకుని కాలెత్తింది. మూడోసారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంకవ్వ లేచి, అటూ ఇటూ వంగి చూసుకుంది.

"మంచిగైంది. రేపు పనికి పోత."

"మరి నేను?"

వెంకవ్వ కొంగు దులుపుకుంది. "నువ్వు ఇంట్లనే ఉండు. నడుములు పట్టుకుంటే మేమే వస్తం."