యోకాస్తా చేతికి అర్థంకాని బంతి

బేస్‌బాల్ ఆడే కుర్రాళ్ళు బ్యాటింగ్ సాధన చేసుకోవడానికి రోజూ బంతులు విసిరేది యోకాస్తా పెగేరో. పెద్ద జట్లకు ఆటగాళ్ళను ఏరుకునేవాళ్ళు కారు దిగగానే మాత్రం, "యోకా, కాస్త గోడ పక్కకి పో," అనేవారు. పోయేది. ఆమె బంతుల మీదే చెయ్యి తిరిగిన కుర్రాళ్ళు వాళ్ళ ముందు దంచి కొడుతుంటే గోడ నీడలో కూర్చుని చూసేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. శాన్ పెద్రో దగ్గరి మా చెరకు మిల్లు ఊళ్ళో మేమెవరమూ అడగలేదు. అది వేరే సంగతి అనుకునేవాళ్ళం. ఇప్పుడు చూస్తే అదే అసలు సంగతి.

పగలు కుట్టు ఫ్యాక్టరీలో ప్యాంట్లకు జేబులు కుడుతుంది. సాయంత్రమైతే మైదానం. ఆమె బంతి ఎక్కడ అడిగితే అక్కడికి వస్తుందనీ, కొట్టుకోవడానికి వీలుగా వస్తుందనీ అందరూ అనేవారు. అది పొగడ్తే అనుకునేవాళ్ళం.

ఈ ఏడు మా ఆదివారం జట్టుకు బంతి విసిరేవాళ్ళు కరువయ్యారు. జట్టును నడిపే పెద్దాయన దోన్ ఎలీహియో ఆమెను పిలిచాడు.

"నీ వేగం చాలదమ్మాయ్. సూటి బంతి ఒక్కటే అయితే ఉతికి ఆరేస్తారు. కాంబియో నేర్చుకో. అది వచ్చిందంటే మొదటి ఆటకే దింపుతా. ఆడవాళ్ళు ఆడకూడదని ఏ రూల్లోనూ లేదు."

కాంబియో అంటే చేంజప్. వేగంగా వస్తున్నట్టు నమ్మించి ఆలస్యంగా చేరే బంతి. దాన్ని నమ్మినవాడు ముందే బ్యాటు తిప్పేస్తాడు.

"చెయ్యి వేగం తగ్గకూడదు. బంతి వేగం తగ్గాలి," అన్నాడు ఎలీహియో.

యోకాస్తా తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "బంతిని విసిరేది చెయ్యే కదా?"

"అవును."

"చెయ్యి వేగంగా పోతే బంతీ వేగంగా పోతుంది కదా?"

"పోకూడదు."

"ఎందుకు పోదు?"

"అదంతా పట్టులో ఉందమ్మా," అని ఆయన నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాడు. ఆయన్ని అనీ లాభం లేదు. మా మైదానంలో వేగం ఒక్కటే నేర్పుతారు. ఏరుకునేవాళ్ళు వేగం కొలిచే యంత్రం పట్టుకొస్తారు మరి. ఆ యంత్రానికి కాంబియో అంటే నీరసపు బంతి.

ఆమె మేనమామ వాస్కర్ ఒకప్పుడు బంతులు అందుకునేవాడు. మోకాళ్ళు పాడై ఇప్పుడు బోర్లించిన బకెట్ మీద కూర్చుని అందుకుంటాడు. బంతిని అరచేతి లోపలికి తోసి పట్టుకోమన్నాడు. కిరాణా కొట్టు ముందు డొమినో ఆడేవాళ్ళలో ఒకాయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమన్నాడు. ఆయన ఎదురుగా కూర్చున్నాయన అదంతా ఉత్తదే, వెనక కాలు ఈడ్చాలన్నాడు. వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటూ ఆట మరిచిపోయారు. యోకాస్తా అన్నీ చేసి చూసింది. అన్నీ కలిపి కూడా చేసింది. బంతి పోయి, వెనక బంతుల్ని ఆపే తెర కింద మట్టిలో పడింది.

ఎదురుగా నిలబడేది రాదామెస్. మా ఊరి కుర్రాడే, ఈ ఏడు పక్క ఊరి జట్టుకు ఆడుతున్నాడు. ఆమె కాంబియో వేసిన ప్రతిసారీ ఆగి, చూసి, కొట్టేవాడు.

"నీ చెయ్యి ముందే చెప్పేస్తోంది యోకా. బాబూ రాదామెస్, మెల్లగా వస్తున్నా, కొట్టుకో నాయనా అంటోంది."

వాస్కర్ బకెట్ మీంచి నవ్వాడు. "మెల్లగా వెయ్యాలనగానే నీ చెయ్యి నెమ్మదిస్తోందే పిల్లా. దానికి మర్యాద ఎక్కువైంది."

"ఆ మర్యాద నేర్పింది మీరే కదా మావయ్యా," అంది. వాస్కర్ నవ్వు ఆపేశాడు.

శనివారం వీధిలో విటిల్లా ఆడుతున్నారు. చీపురుకట్ట బ్యాటు, నీళ్ళ క్యాను మూత బంతి. పుట్టినప్పటి నుంచీ ఆడే ఆటే. యోకాస్తా ఒళ్ళంతా తిప్పి మూత విసిరింది. అది పరిగెత్తినట్టే పరిగెత్తి గాలిలో బద్ధకించింది. వాస్కర్ కర్ర ముందే తిప్పేసి గోడ పట్టుకున్నాడు.

"ఆగు. ఇప్పుడేం చేశావు?"

"ఏం చెయ్యలేదు. మూత కదా, ఎంత గట్టిగా విసిరినా అంతే."

"బంతినీ మూతే అనుకో. నువ్వు గట్టిగా విసురు. పోవడం దాని ఇష్టం."

మైదానంలో బంతిని అరచేతి లోతుకు పెట్టి మూతలాగే విసిరింది. ఒకటి ఆగి ఆగి వచ్చింది. తర్వాతది కంచె దాటి మేక మీద పడింది. ఆ తర్వాతది మళ్ళీ ఆగి వచ్చింది.

"ఏది ఎందుకొస్తోందో తెలీట్లేదు మావయ్యా."

"నాకూ తెలీదు. విసురు."

ఎలీహియో మాట తప్పలేదు. ఆదివారం, ఆట చివర్లో ఆమెను దింపాడు. ఎదురుగా రాదామెస్.

"ఎప్పట్లాగే నడుం ఎత్తులో వెయ్యి యోకా," అని పళ్ళికిలించాడు.

రెండు సూటి బంతుల్నీ గీత బయటికి కొట్టాడు. ఇంకొక్కటి తప్పితే అవుటే. మూడోది కాంబియో. ఆమె చెయ్యి నెమ్మదించలేదు. బ్యాటు తిరిగిపోయింది, అతని మోకాలు మట్టిలో దిగింది, అప్పుడు వచ్చింది బంతి. అతను అవుట్.

అంతలో లీగ్ అధ్యక్షుడు దోన్ ఫాబియో గేటు తీసుకుని లోపలికొచ్చి ఆట ఆపించాడు. "ఆడమనిషికి దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?"

"పోయినేడు సాధనలో మీ అబ్బాయి కొట్టిన బంతి నా భుజానికి తగిలింది. అప్పుడెవరిది దోన్ ఫాబియో?" అంది యోకాస్తా. గొంతు పెంచలేదు. ఆమె అడగడం మేము వినడం అదే మొదలు.

ఆయన స్కోరు పుస్తకం తెప్పించుకున్నాడు. ఆడమనిషిని దింపినందుకు గెలుపు పక్క ఊరికి రాసేశారు. ఆడవాళ్ళ సంగతి గురువారం మిల్లు క్లబ్బులో తేలుస్తారట.

సాయంత్రం ఇంటి మెట్టు మీద ఆమె బంతిని పట్టుకుంటూ వదులుతూ కూర్చుంది. "రాదామెస్ పడింది నా కాంబియోకా? లేకపోతే నేనెప్పుడూ కొట్టుకునేట్టే వేస్తానని వాడికున్న నమ్మకానికా? నన్నెరగనివాడికి వేసి చూస్తే గానీ తెలీదు." నన్ను చూసి అడిగింది.

ఆమెను ఎరగనివాడు ఎదురుగా నిలబడాలంటే ఆమెను ఆడనివ్వాలి. గురువారం సాయంత్రం దగ్గర్లో ఉన్నవాళ్ళు క్లబ్బుకు రండి. ఆమె బంతుల మీద ఆట నేర్చుకున్నవాళ్ళు ముందు వరసలో కూర్చోండి. రాదామెస్ వస్తానన్నాడు. "నాకూ తెలియాలిగా," అన్నాడు. రాలేనంత దూరంలో ఉన్నవాళ్ళు మీ ఊరి మైదానానికి వెళ్ళండి. అక్కడ ఎవరి సాధన కోసమో బంతులు వేసే అమ్మాయి ఉంటే, ఆమెను జట్టులో ఎందుకు ఆడించరని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.