చూడని ఇంటికి దారి చూపిన రోజు

దసరా సెలవులంటే ఆ రోజుల్లో మా పాతబస్తీ పిల్లలకు ఆటల కాలం, పెద్దలకు ఇల్లు మారే కాలం. వానలు తగ్గుముఖం పట్టేవి, బడులు ఉండేవి కావు, దఫ్తర్లకు కూడా నాలుగు రోజులు సెలవు దొరికేది. దబీర్‌పురా నుంచి మాదన్నపేట దాకా ఏ సందులో చూసినా మంచాల కాళ్ళు ఆకాశానికెత్తుకుని ఎడ్లబండ్లు నడుస్తుండేవి. సామాను బండెక్కిందంటే ఆ ఇంటి గుట్టంతా వీధిలో పడినట్టే. ఎవరి పరుపుకు ఎన్ని అతుకులు, ఎవరి బిందెకు ఎన్ని సొట్టలు, అన్నీ తీరిగ్గా చూడవచ్చు. నేను చూసేదాన్ని. పదమూడేళ్ళ నాకు లెక్కల పుస్తకం మీద కంటే ఇతరుల సామాను మీదే శ్రద్ధ ఎక్కువ. (ఇప్పుడు తగ్గిందా అని అడగకండి.)

ఆ ఏడు మా వంతు వచ్చింది. మేముండే ఇంటి యజమాని కొడుక్కి పెళ్ళి కుదిరి, మా వాటా వాళ్ళకు కావలసి వచ్చింది. ఒక ఆదివారం బాపు (మా నాన్నను అలాగే పిలిచేవాళ్ళం) మాదన్నపేటలో ఇల్లు చూడబోతూ నన్నూ వెంట తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడు గాని, కూరగాయల మార్కెట్ దాటగానే ఒక మలుపులో గిన్నెలకు కళాయి వేసేవాడు కనిపించాడు. తోలుతిత్తి బుసబుసలాడుతోంది. నల్లటి ఇత్తడి గిన్నె లోపల అతను గుడ్డతో ఒక్క చుట్టు తిప్పగానే అది వెండిలా మెరిసింది. అది ఎలా జరిగిందో తెలుసుకోవడానికి నేను ఇంకో మూడు గిన్నెల దాకా నిలబడిపోయాను. బాపు తల వంచుకుని నడిచే మనిషి. నేను వెనకే ఉన్నాననుకుని ఇల్లు చూసి, మాట్లాడి, తిరిగొచ్చి, "పా, పోదాం" అన్నాడు. నేనూ ఆయన వెనకే నడిచాను.

ఇంటికి రాగానే అమ్మా, నాయనమ్మా నన్ను కూర్చోబెట్టుకున్నారు. బాపును అడిగి లాభం లేదు. ఇల్లయినా, కూరయినా, పెళ్ళికూతురయినా ఆయన "మంచిగనే ఉన్నది" అంటాడు, అంతే. పాపం, వాళ్ళ మొహాలు చూస్తే చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. నీలం రంగు తలుపు ఉందన్నాను. గిలక బావి ఉందన్నాను. వాకిట్లో జామచెట్టు ఉందన్నాను. నాయనమ్మ కళ్ళు వెలగడం చూసి, కాయ కోస్తే లోపల ఎర్రగా ఉంటుందని కూడా చెప్పాను. (ఆమె నోట్లో అప్పటికి మిగిలినవి నాలుగు పళ్ళు. అయినా ఆశకు పళ్ళతో పనేముంది?) ఆ వారమంతా ఇద్దరూ ఆ ఇంటి గురించే మాట్లాడుకున్నారు. అమ్మ బావి పక్కన బంతిమొక్కలు కూడా నాటేసింది, మాటల్లోనే.

మారే రోజు పొద్దున బండి కట్టారు. పదకొండు లోపల మంచి గడియ, ఆ లోపల కొత్త ఇంట్లో పాలు పొంగాలి. బాపు పాత ఇల్లు అప్పజెప్పి, అమ్మనూ నాయనమ్మనూ రిక్షాలో తేవాలి. బండి నెమ్మదిగా నడుస్తుంది కనుక ముందు బయలుదేరాలి. దానితో ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చినప్పుడు బాపు నా వైపు తిరిగి, "నాతోని ఇల్లు చూసింది నువ్వే గద. బండి చాచతోని పో. మేం ఎన్కనే వస్తం" అన్నాడు. చేతిలో పాలచెంబు పెట్టి, పొయ్యీ గిన్నే పక్కన సర్ది, నన్ను పరుపుల మీద కూర్చోబెట్టారు.

బండి తోలే చాచ తెల్లగడ్డం మనిషి. మనుషులతో కంటే ఎడ్లతోనే ఎక్కువ మాట్లాడేవాడు. మార్కెట్ దాటాక మాత్రం నన్ను ఎటు పోవాలని అడిగాడు. ఇంటి యజమాని ఒకప్పుడు దవాఖానాలో కంపౌండరని నాకు తెలుసు. కంపౌండర్ ఇల్లెక్కడని ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళే. కానీ అడిగితే నేను చూడలేదని చాచకు తెలిసిపోతుంది. చాచకు తెలిస్తే బాపుకు తెలుస్తుంది. అందుకని పాలచెంబు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చాలా ధైర్యంగా కుడివైపు చూపించాను. తర్వాత ఎడమవైపు. తర్వాత మళ్ళీ కుడివైపు.

మూడో మలుపు తిరిగేసరికి ఎదురుగా నీలం తలుపు. గోడ మీంచి వీధిలోకి వంగిన జామకొమ్మ. నాకు ఒళ్ళు జలదరించింది. నేను చెప్పినవన్నీ అబద్ధాలు కావేమో, ఎప్పుడో ఎలాగో ఈ ఇంటిని చూసే ఉంటానేమో అనిపించింది. "ఇదే" అన్నాను. ఆ మాట అంటూండగానే తలుపు తెరుచుకుని, ముగ్గుబుట్టలాంటి తల ఉన్న ఒక అవ్వ బయటికి వచ్చి, "వచ్చిన్రా బిడ్డా? పొద్దటి సంది ఎదురుచూస్తున్న" అన్నది. ఇంక నాకు అనుమానమెందుకుంటుంది?

ఆమె కొడుకులకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం. ముందరి రెండు అర్రలు కిరాయికి మాట్లాడింది పెద్దకొడుకేనట. దిగేవాళ్ళను ఆమె ఇంతవరకు చూడలేదు. మీ నాయన దఫ్తర్లో పని చేస్తాడు కదా అని అడిగింది. చేస్తాడన్నాను. అమ్మా, నాయనమ్మా ఏరంటే వెనక రిక్షాలో వస్తున్నారన్నాను. అన్నీ నిజాలే. ఆ వారం మొత్తంలో నేను వరసగా అన్ని నిజాలు చెప్పింది అప్పుడే.

చాచ సామాను దించుతుంటే నేను ఇల్లంతా తిరిగాను. గిలక బావి ఉంది. తలుపుల పైన రంగురంగుల అద్దాలున్నాయి, వాటిలోంచి ఎండ పడి నేల మీద ఆకుపచ్చా ఎరుపూ మరకలు. ఒక అర్ర నిండా బట్టల మూటలు, కొత్తగుడ్డ వాసన. అవ్వ ఒక జామకాయ కోసి విరిచి నా చేతిలో పెట్టింది. లోపల తెల్లగా ఉంది. ఆ ఒక్కచోటే నాకు కొంచెం తేడాగా అనిపించింది.

గోడ గడియారం పదకొండుకు దగ్గరపడినా మావాళ్ళు రాలేదు. అవ్వకు నాకంటే ఎక్కువ ఆత్రమైంది. "మంచి గడియ పోతున్నది బిడ్డా. ఆడపిల్లవు నువ్వున్నవు గద, నువ్వే పొంగియ్యి" అని తానే పొయ్యి వెలిగించింది. పాలు బుడగలెత్తి, అంచు దాకా వచ్చి, తెల్లగా నురగతో పొంగాయి. ఇద్దరం దండం పెట్టుకున్నాం. లేచి చూద్దుము కదా, వాకిట్లో ఇంకో ఎడ్లబండి. ఒక టోపీ ఆయన, ఆయన భార్య, చేతిలో పాలగిన్నెతో ఆయన తల్లి. మా మంచాలను చూసి వాళ్ళు, వాళ్ళ మంచాలను చూసి మేము అలాగే నిలబడిపోయాం.

అవ్వ అటూ ఇటూ చూసి నెమ్మదిగా నా దగ్గర కూర్చుంది. "సచ్చం చెప్పు బిడ్డా. మీ నాయిన తీసుకున్న ఇల్లు నువ్వు చూసినవా?"

"చూడలే" అన్నాను. చాచ అప్పుడే ఆఖరి పెట్టె దించి బీడీ ముట్టించుకున్నాడు. ఆ బీడీ అలాగే చేతిలో ఉండిపోయింది. నేను ఏడుస్తూ కంపౌండర్ మాట చెప్పాను. కంపౌండర్ ఇల్లు సరిగ్గా వెనక సందులోనే ఉందట. టోపీ ఆయన తల్లి మాత్రం తమ ఇంట్లో పరాయివాళ్ళ పాలు పొంగాయని మొహం ముడుచుకుంది. "పాలు పొంగితే చెడ్డదేంది? మీరు గూడ పొంగియ్యండ్రి, రెండుసార్లయితది" అని అవ్వ ఆమెను లోపలికి పంపి, మా పాలగిన్నెను కొంగుతో పట్టుకుని తానే ముందు నడిచింది. వెనక నేను. మా వెనక, మళ్ళీ నిండిన బండితో, ఎడ్లకు ఏదో ఫిర్యాదు చేసుకుంటూ చాచ.

సందు మొదట్లోనే బాపు ఎదురయ్యాడు. బండి మీద ఆడపిల్ల కనిపించిందా అని వచ్చేపోయే వాళ్ళందరినీ అడుగుతున్నాడు. నన్ను చూసి నెత్తి మీద చెయ్యి వేశాడు. ఇంటి ముందు, రంగే లేని తలుపు దగ్గర, గడప మీద కూర్చుని ఉంది నాయనమ్మ. బావి లేదు, వీధిలో నల్లా ఉంది. ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "జామచెట్టేదే?"

అవ్వే జరిగిందంతా చెప్పింది. చెప్తూ చెప్తూ నవ్వింది, ఆమెను చూసి అమ్మ నవ్వింది. వేరే ఇంట్లో పొంగిన పాలు ఈ ఇంటికి చెల్లుతాయా అని నాయనమ్మా అవ్వా చాలాసేపు చర్చించి, అవే పాలను మళ్ళీ పొయ్యి మీద పెట్టారు. గడియ దాటిపోయినా, అవి మాట విన్నట్టు మళ్ళీ పొంగాయి.

సాయంత్రం బాపు పిలిస్తే, తిట్లకు సిద్ధమై వెళ్ళాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆ అవ్వ ఇల్లు లోపల ఎట్లున్నది?" అని అడిగాడు. నేను ఈసారి చూసింది చూసినట్టే చెప్పాను. అద్దాల గురించి, మూటల గురించి, ఆఖరున పెరట్లో ఉన్న రాతిమెట్ల గురించి. పన్నెండు మెట్లు ఎక్కితే పైన గది లేదు, మేడ లేదు, గోడే ఉంది. బాపు ముందుకు వంగాడు.

"మెట్లెక్కితే గోడనా? ఎందుకట్ల కట్టిన్రు?"

"అడగలే."

"అడగాలె గద" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

మర్నాడు పొద్దున, ఎవరూ అడగకుండానే, అవ్వను పలకరించి వస్తామని అమ్మతో చెప్పి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. తల వంచుకుని నడిచే మా బాపు, తెల్ల చొక్కా వేసుకుని, ఆ పన్నెండు మెట్లూ ఎక్కి, చివర గోడను అరచేత్తో తట్టి చూశాడు. కింద నుంచి అవ్వ, "మా ఆయన కట్టిచ్చిండు. ఎందుకని నేను ఎన్నడు అడగలే. ఇంతల్నే ఆయన పోయిండు" అన్నది. బాపు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

అప్పటి బాపు వయసును నేను ఎప్పుడో దాటేశాను. ఆ పరుపుల మీది పిల్ల తలపుకొస్తే ఆ అబద్ధాలకు నాకిప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. ఒక్కమాట మాత్రం ఆమెతో చెప్పాలనిపిస్తుంది. ఆ కళాయి గిన్నెల దగ్గర నిలబడ్డప్పుడే బాపును కేకవేసి పిలవాల్సింది పిల్లా, ఆయన కూడా ఆగి చూసేవాడు.