అరచేతిలో గుద్దు

వాళ్ల పేర్లు అడగలేదు గానీ, బాక్సింగ్ వార్త ఎక్కడ కనిపించినా ఇప్పటికీ ఆగి చదువుతాను.

పలాసలో టెక్కలి బస్సెక్కితే నా పక్కన ఒక భారీ మనిషి, అతని భుజానికి ఒరిగి సన్నటి భార్య. ఆమెకు డయాలసిస్ చేయించి తీసుకెళుతున్నాడు. ఒకప్పుడు హెవీవెయిట్ బాక్సర్నని, ఆమె జబ్బు పడ్డాక రింగు వదిలేశానని నెమ్మదిగా చెప్పాడు.

ఆమె కళ్లు తెరిచింది. "మల్లీ దిగుతాడు బాబూ. వచ్చే పోటీలకి నానే తయారు సేత్తన్నాను."

"నీరసంగున్నావు, కాసేపు తొంగో," అన్నాడతను.

"నా వంక పెట్టి ఎన్నేళ్లు కూకుంటావు బావా? నానుండగా ఒక్కసారి నిన్ను రింగులో సూడాల."

డయాలసిస్ సూదుల కట్టు లేని రెండో చెయ్యి ఎత్తి అరచెయ్యి చాపింది. "గుద్దు!"

అతను పిడికిలి బిగించి, పసిపిల్లను తాకినట్టు ఆనించాడు.

"ఇలాగైతే ఎవుడు పడతాడు? గట్టిగా!"

రెండోసారి చప్పుడుకి ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. ఆమె చెయ్యి విదిలించుకుంటూ నాకేసి గర్వంగా చూసింది. "సూసారా బాబూ? పస పోలేదు."

టెక్కలి వచ్చేదాకా అతను ఆ అరచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు.