చంకల కింద వేసిన ముడి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మేం లారీలు దిగేసరికి ఉదయం పదకొండు. వాన లేదు. ఎండ మాడ్చేస్తోంది. వరదంటే నెత్తిన కుంభవృష్టి అనుకుంటారు జనం. మాకు చుక్క పడలేదు. కురిసింది ఎక్కడో ఎగువన, చచ్చేది ఇక్కడ. మూడో ప్రమాద హెచ్చరిక అప్పటికే ఇచ్చేశారు. గేట్లన్నీ ఎత్తేశారు. ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి.

సైన్యంలో సర్వీసంతా మంచుకొండల్లో చేశాను. ఇంకో ఆరు నెలల్లో పెన్షననగా, తీసుకొచ్చి మా గోదారి మీదే పడేశారు. మాది మొగల్తూరు. మా బోటులో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. హవల్దార్ గఢ్వాల్ కొండలవాడు. బోటు నడిపేవాడు మలయాళీ. "ఇక్కడ నా నోరూ చెవీ నువ్వే" అన్నాడు హవల్దార్ హిందీలో. సరే సార్ అన్నాను. తర్వాత తిట్టుకున్నాను.

రబ్బరు బోటు ఒకటి. మోటారు. లైఫ్ జాకెట్లు. నైలాన్ తాడు రెండు చుట్టలు. ట్రిప్పుకు పదిమంది, అంతకు మించొద్దు. సామాను వద్దు, పశువులు వద్దు. సాయంత్రం ఆరు దాటాక బోటు నీళ్లలో ఉండకూడదు. ఇవీ ఆర్డర్లు.

మాకు అప్పగించింది దిగువనున్న ఒక లంక. ఇళ్లు మునిగిపోయాయి, అరటితోటలు మునిగిపోయాయి. ఊళ్లో శ్లాబు వేసిన కట్టడం ఒకటే, ప్రార్థన మందిరం. జనమంతా దాని డాబా మీదున్నారు. దగ్గరికెళ్తే చప్పట్లు, పాట. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో ఎవరూ చర్చి మెట్టెక్కినవాళ్లు కారు, ఆ సంగతి అలా ఉంచండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు పాటలేంటి?

"ఎక్కండెక్కండి! కచేరీ గట్టు మీద పెట్టుకుందురుగాని!" అని అరిచాను.

ఒకావిడ పకపకా నవ్వింది. యాభై దాటి ఉంటాయి. పేరు సువార్తమ్మ. "మన తెలుగబ్బాయేనే! రండి బాబూ, ముందు రెండు ముద్దలు తినండి" అంది.

ఆ ఊరి ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు రోజూ ఓ పిడికెడు దేవుడికని తీసిపెడతారట. ఆదివారం తెచ్చి మందిరంలో డబ్బాలో పోస్తారట. సువార్తమ్మ ఆ డబ్బా డాబా ఎక్కించి, వండి అందరికీ పెడుతోంది. కూరా లేదు నారా లేదు, ఉప్పూ పచ్చిమిరపకాయా. హవల్దార్ నిలబడే తిన్నాడు. నేనూ తిన్నాను. ఆకలికి మతమేంటి.

సువార్తమ్మ మాత్రం బోటెక్కనంది. ఆమె భర్త ఏసోబు, తను పనిచేసే రైతు గేదెల్ని విప్పడానికి ముందురోజు పొద్దున ఈదుకుంటూ వెళ్లాడట. తిరిగి రాలేదు.

"వస్తాడండి. వచ్చాక ఇద్దరం ఎక్కుతాం."

"రాకపోతే?"

"ఎక్కడున్నా ప్రభువు చేతిలోనే ఉంటాడు కదండీ" అంది, గంటె ఆపకుండా. పిచ్చిదనుకున్నాను.

రెండు ట్రిప్పులు వేశాం. నాలుగున్నరకి మూడోది, ఆఖరిది. హవల్దార్ గద్దిస్తే అప్పుడెక్కింది సువార్తమ్మ. నడి ఏట్లో వడి ఎక్కువగా ఉందని కొబ్బరితోటలోంచి వస్తున్నాం. బోటు నడిపేవాడు ఉన్నట్టుండి మోటారు తగ్గించాడు. రెండు చెట్ల మధ్య, కొట్టుకొచ్చిన మట్టల్లో, ఒక మనిషి బోర్లా ఇరుక్కుని ఉన్నాడు.

"మా ఆయనేనండి" అంది సువార్తమ్మ. అరవలేదు.

బోటు అంచుకీ నీటికీ మధ్య జానెడు కూడా లేదు. హవల్దార్ రేడియో తీశాడు.

"ఒక శవం దొరికింది. బోటు నిండుగా ఉంది. ఓవర్."

"బతికున్నవాళ్లు ముందు. శవం రేపు. ఓవర్."

"చెట్టుకు కట్టెయ్" అన్నాడు నాతో.

నా చేతికందింది మెడే. తాడు అక్కడే వేయబోయాను.

"మెడకొద్దు బాబూ! గొడ్డనుకున్నారా ఏంటి? చంకల కింద కట్టండి."

చంకల కింద తిప్పి మానుకి బిగించాను. రెండు ముళ్లు వేశాను. అంతసేపూ ఆమె వంగి అతని తడిజుట్టు సవరిస్తూనే ఉంది. బోటు కదిలింది. "స్తోత్రం తండ్రీ! దొరికాడు!" అంది. ఒట్టు, ఆ ముఖం వెలిగిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు హవల్దార్.

"దేవుడికి థాంక్స్ చెప్తోంది సార్."

"దేనికి?"

నాకేం తెలుసు! కోపంగా ఆమెనే అడిగాను. "దేనికమ్మా స్తోత్రం? ఎవరి గేదెల కోసమో మొగుణ్ని మింగినందుకా?"

"మా నాన్నా వరదలోనే పోయాడండి. దొరకలేదు. ఎక్కడ శవం తేలిందన్నా మా అమ్మ పరిగెత్తేది, చచ్చేదాకా. నాకా కష్టం తప్పింది కదండీ. రేపు ఇంత మట్టిలో పెట్టుకుని పాట పాడి పంపుతాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏడవట్లేదనుకుంటున్నారా? ఏడుస్తూనే ఉన్నానండి. వినేవాడు ఒకడున్నాడు కాబట్టి ఏడుపు కూడా హాయిగానే ఉంది."

ఏసోబు విప్పబోయిన గేదెలు మూడూ గట్టు మీద నెమరేస్తున్నాయి. వాటంతటవే ఈదుకొచ్చేశాయి. వాటి రైతు ఎదురొచ్చి, "ఏసోబేడే?" అన్నాడు. సంగతి ఆమే చెప్పింది. "గేదెలొచ్చేశాయి కదండీ, పోన్లెండి" అని కూడా ఆమే అంది. ఆయన తల దించుకున్నాడు. దించుకుంటే ఏం లాభం?

మర్నాడు ఉదయం ఆరింటికి బయల్దేరాం. నీళ్లు నడుమెత్తు పెరిగాయి. చెట్టు గుర్తుపట్టి, నీళ్లలో చెయ్యి పెట్టి తాడు వెతికాను. తాడుంది. ముళ్లు రెండూ ఉన్నాయి. వేసిన ఉచ్చు వేసినట్టే ఉంది. మనిషి లేడు. మధ్యాహ్నం దాకా తోటంతా గాలించాం. దొరకలేదు.

గట్టు మీద శవపెట్టె సిద్ధంగా ఉంది. ఎవరిదో తెల్లచీర అడిగి కట్టుకుని సువార్తమ్మ నిలబడి ఉంది. ఖాళీ బోటు చూసింది. హవల్దార్ నాతో ఏదో గొణిగాడు.

"ఏమంటున్నారండి ఆ సారు?"

అబద్ధం ఆడొచ్చు. నోరు రాలేదు. "ముడి ఊడలేదమ్మా. నీళ్లు పెరిగి వడి లాగేసరికి చేతులు రెండూ పైకి లేచిపోయి ఉంటాయి. ఉచ్చులోంచి కిందికి జారిపోయాడు." మెడకి కట్టి ఉంటే ఆగేవాడన్నాడు హవల్దార్. అది మాత్రం నేను చెప్పలేదు. అయినా ఆమెకది తట్టింది. అక్కడే కూలబడి, ఆ ఖాళీ పెట్టె పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చింది. ఆమె దేవుడి మీద నాకంత కోపం అంతకుముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

వరద తీసింది. మేం వెనక్కి వెళ్లిపోయాం. పెన్షన్ వచ్చింది, మొగల్తూరులో ఉంటున్నాను. ఊళ్లోవాళ్లు మంచు గురించీ తుపాకుల గురించీ అడుగుతారు. చెప్తాను. కళ్లు మూసుకుంటే కనబడేది మాత్రం ఆ గట్టే. ఆమె ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి తలెత్తింది.

"చేతులు పైకెత్తాడన్నారా? రెండూనా అండి?"

"రెండూ అమ్మా."

"మందిరంలో ఎంత పోరినా ఎత్తేవాడు కాదండి. అందరూ చేతులెత్తి స్తుతించేటప్పుడు కూడా చేతులు కట్టుకునే నిలబడేవాడు, సిగ్గు మనిషి."

తన చేతులు రెండూ మెల్లిగా తలపైకి లేపింది. కన్నీళ్లు ముక్కు మీంచి కారుతున్నాయి. నవ్వుతోంది.

"ఇలాగేనా అండి?" అని నన్నడిగింది.