పైన వైరు లేని బండి

ఆ రోజుల్లో మా ఇంట్లో భయాలకు కొదవ ఉండేది కాదు. ఎవరి భయం వాళ్లకుండేది, చాలకపోతే పక్కవాళ్ల దగ్గర చేబదులు తీసుకునేవాళ్లం. ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఏ వీధిలో నిలబడినా ఆకుపచ్చ నంబరు పలకల కార్లు చప్పుడు చేయకుండా పక్కనుంచి జారిపోతుంటాయి, ఎవరూ తల తిప్పి చూడరు. కానీ పదేళ్ల పైమాట, మా వీధిలోకి మొదటి కరెంటు కారు వచ్చినప్పుడు జనం దాన్ని పెళ్లికి పిలవకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు చివర మెడ వెనక ఒక చల్లటి గాలి కూడా తగులుతుంది. రెండూ ఇచ్చిన భగవంతుడికి దణ్ణం పెట్టుకునే ఇది చెబుతున్నాను.

మాది తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. నాన్న జీవితమంతా కరెంటు రైలింజను నడిపి రిటైరయ్యారు. నేను పుట్టు ఉబ్బసం మనిషిని. బడి దుమ్ము పడక ఇంట్లోనే చదువుకున్నాను. తెలుగూ, దేవుడి పద్యాలూ నానమ్మ చెప్పింది. లెక్కలు నాన్న చెప్పారు (ఆయన లెక్కల్లో మామిడిపళ్లు, బంతులు ఉండవు; రెండు గూడ్సు బళ్లు ఎదురెదురుగా వస్తుంటాయి, అవి గుద్దుకోకుండా చూడటం నా పూచీ). ప్రైవేటుగా పరీక్షలు రాసి డిగ్రీ గట్టెక్కాక, దేవుడి దయవల్ల కొత్త రాయ్‌పూర్‌లో అప్పుడే తెరిచిన ఒక శిక్షణ సంస్థ లైబ్రరీలో నాకు ఉద్యోగం దొరికింది. ఊరికి దూరం. బస్సెక్కితే పొగ, ఆటో ఎక్కితే దుమ్ము. “బతికుంటే బలుసాకు తినొచ్చు తల్లీ, ఉద్యోగం వద్దులే,” అన్నారు నాన్న. నేను దేవుడి గదిలోకి వెళ్లి కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను, అంతే.

అప్పుడు భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే మా బాబాయ్, ఎవరో వాడి వదిలేసిన బుల్లి కరెంటు కారును లారీ మీద ఎక్కించుకుని వచ్చాడు. “పొగ లేదు, పెట్రోలు లేదు, చప్పుడసలే లేదు. అమ్మాయి ఊపిరికి దేవుడు పంపిన బండి అన్నయ్యా!”

“మరి లారీ మీద ఎందుకు తెచ్చావురా? నడిపించుకునే రావలసింది,” అన్నారు నాన్న.

బాబాయ్ కాస్త దగ్గాడు. “ఛార్జి ఇక్కడిదాకా సరిపోద్దో లేదో అని...”

అంతే, ఇంట్లో భయాలన్నీ బారులు తీరాయి. “తలంటుకుని తడిజుట్టుతో ఎక్కితే షాకు కొట్టదు కదా?” అని అమ్మ. “వానలో నీళ్లల్లో దిగితే ఏటవుద్ది? ఊళ్లో కరెంటు పోతే దారిలో ఆగిపోద్దా?” అని మళ్లీ అమ్మే. “బ్యాటరీ పోతే కొత్తది కొనే బదులు ఇంకో కారొస్తుందట,” అని వీధి. నాన్న మాత్రం కారు చుట్టూ మౌనంగా ప్రదక్షిణం చేసి, చివరికి దాని నెత్తి మీదికి చూశారు. “దీనికి పైన వైరేదిరా?”

“లోపల బ్యాటరీ ఉంది అన్నయ్యా. టెన్షన్ మత్ లో, కంగారుపడకు.”

“బతుకంతా నడిపాన్రా. పైన వైరున్నంతసేపే అది కరెంటు బండి. వైరు లేకపోతే ఉత్త ఇనప్పెట్టె.”

వరండాలో మంచం మీద వక్కలు కత్తిరించుకుంటున్న నానమ్మ అందరి భయాలనూ ఒక్క మాటతో దాటేసింది. “సప్పుడు లేకుండా వొచ్చేవి లోకంలో రెండేరా. పాము, సావు. ఇది మూడోది. నా పీనుగునైనా ఇందులో ఎక్కనివ్వను.” అని అడకత్తెర టక్‌మనిపించింది. ఆవిడ ఏ మాటన్నా చివర ఆ ‘టక్’ పడేది. అది పడ్డాక ఇక అప్పీలు లేదు. కారుకి ‘మూగది’ అని పేరు కూడా ఆవిడే పెట్టింది.

రెండు నెలలు తిరక్కుండానే నానమ్మ మధ్యాహ్నం కునుకులో వెళ్లిపోయింది. చప్పుడు లేకుండానే. ఆ తర్వాత మూగదానికి ప్లగ్గు పెట్టినప్పుడల్లా లోపల ఏదో ఫ్యాను సన్నగా ఊపిరి తీసి, ఉండుండి బిగబట్టేది. అచ్చం ఉబ్బసం మనిషిలా. నేను వినలేక రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకునేదాన్ని.

ఎండలు ముదిరాయి, ఉద్యోగంలో చేరాల్సిన రోజు దగ్గరికొచ్చింది. “ట్రయల్ రన్ చేద్దాం,” అన్నారు నాన్న. “వెళ్లి మనంతట మనం తిరిగొస్తే నీకు ఉద్యోగం. తోసుకుంటూ వస్తే బండి బాబాయ్‌కి, నువ్వు ఇంటికి. పక్కా.” నేను బాబాయ్ పాత కారు మీద డ్రైవింగ్ నేర్చుకునే ఉన్నాను. అమ్మ బొట్టుపెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను తాళం తిప్పాను. ఏ చప్పుడూ రాలేదు. అమ్మ నిమ్మకాయ సర్దడానికి వంగబోతుంటే కారు కదిలి అది పచ్చుమంది. “స్టార్టు చెయ్యకుండానే నడిచొచ్చేస్తందండీ!” అని అమ్మ పెట్టిన కేకకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

నాన్న నా పక్క సీట్లో, జేబులో వడదెబ్బ తగలకుండా ఉల్లిపాయతో, డ్యూటీ ఎక్కినట్టు నిటారుగా కూర్చున్నారు. ఇంజను మీద ఒక ఆచారం ఉంది. సిగ్నల్ కనపడగానే ఒకరు చెయ్యెత్తి దాని రంగు గట్టిగా పిలవాలి, రెండోవారు అదే రంగు తిరిగి పిలవాలి. ఇద్దరూ పిలిస్తేనే లెక్క. ఆ పద్ధతి కారులోనూ నడవాలన్నారు. “గ్రీన్!” అని ఆయన. “గ్రీన్!” అని నేను. తేలిబాంధా చౌక్‌లో పక్కనున్న ఆటోవాలా తొంగి చూసి, “క్యా హువా, ఝగ్‌డా హో గయా క్యా?” అని, మేం పోట్లాడుకుంటున్నామేమోనని అడిగాడు. నాన్న అతనికీ చెయ్యెత్తి “రెడ్!” అన్నారు. ఛార్జి తింటుందని ఏసీ వెయ్యనివ్వలేదు, వడగాలి కొడుతుందని అద్దాలు దించనివ్వలేదు. మందిర్ హసౌద్ దాటేసరికి ఇద్దరం కుక్కర్లో పప్పులా ఉన్నాం.

మందిర్ హసౌద్ తర్వాత కొత్త ఊళ్లోకి తిరిగాం. అప్పటి కొత్త రాయ్‌పూర్ చూసినవాళ్లకు తెలుస్తుంది. నది వెడల్పున రోడ్లు, వాటి మీద మనిషన్నవాడు లేడు. కిటికీలకు పరదాలు లేని అంతస్తులు వరసగా నిలబడి చూస్తున్నాయి. ఎవరూ రాని చౌరస్తాల్లో సిగ్నళ్లు ఎరుపూ ఆకుపచ్చా మార్చుకుంటున్నాయి. నడినెత్తిన ఎండ, నీడ కూడా లేదు. మా బండికి చప్పుడు లేదు కాబట్టి మా ఊపిరి మాకు వినిపిస్తోంది.

“గ్రీన్!” అన్నారు నాన్న.

“గ్రీన్!” అన్నాను నేను.

‘టక్’ అంది వెనక సీటు.

ఇద్దరం ముందుకే చూస్తున్నాం. ఇంకో చౌరస్తా వచ్చింది. “గ్రీన్.” “గ్రీన్.” టక్. అది ఏ చప్పుడో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వక్క మధ్యకు తెగేటప్పటి చప్పుడు. వెనక ఏముందో కనపడకూడదని నేను ముందున్న అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాను. నాన్న గొంతు తగ్గింది. మూడో చౌరస్తాలో ఆయన రంగు పిలిచింది నాకే సరిగా వినపడలేదు, కానీ వెనక టక్ మాత్రం ఠంచనుగా పడింది. ఎదురుగా అంతకంతకూ పడిపోతున్న ఛార్జి ముల్లును నేను చూడ్డం మానేశాను.

అరవయ్యేళ్లు దాటిన నాన్న, వెనక్కి తిరక్కుండా, సీటు అంచు పట్టుకుని, “అమ్మా?” అన్నారు. “నీ మాట కాదని ఎక్కాం. అమ్మాయి ఉద్యోగం కోసమే. కోప్పడకే.” నాకు నవ్వూ, ఏడుపూ, ఉబ్బసమూ ఒక్కసారే వచ్చాయి. రామనామం చెప్పుకుంటూ ఎలా నడిపానో, సంస్థ గేటు ముందు ఆపాను.

గేటు కాపలా ఆయన చెట్టు కింద నుంచి లేచి వచ్చాడు. మాకు కుండలో నీళ్లిచ్చి, కారు అద్దంలోంచి లోపలికి చూసి నాన్నతో అన్నాడు: “పాఛూ మ దాఈ బఇఠే హే బాబూజీ, ఓకర్ బర్ పానీ లానవ్ కా?” వెనక పెద్దమ్మ కూర్చుని ఉంది, ఆవిడకీ నీళ్లు తెమ్మంటారా అని.

నాన్న చేతిలోని గ్లాసు కింద పడింది.

చివరికి నాన్న ఉల్లిపాయను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ముందు సీటు వంచి వెనక చూశారు. నానమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వెనక సీటు మీద మోకాళ్లు ముడుచుకున్న మనిషిలా కూర్చుని ఉంది. దాని మడతలో నానమ్మ అడకత్తెర, నోరు తెరుచుకుని. అమ్మకు ఫోన్ చేశాను. “అయ్యో, చెప్తే మీ నాన్న తిడతారనీ... కరెంటు సీట్లోంచి పైకి రాకుండా బొంత వేశాను. గాలీ ధూళీ సోకకుండా ఇనుం ఉండాలి కదే, అందులో అది పెట్టాను,” అంది అమ్మ. ఆ కొత్త ఊళ్లో ప్రతి సిగ్నల్‌కీ ముందు రోడ్డు మీద సన్నటి గట్లు వేసి ఉన్నాయి. వాటి మీద ఎక్కినప్పుడల్లా అడకత్తెర నోరు మూసుకుంటోంది. నాన్న గేటు పక్కన కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక కూడా కాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.

తిరుగు ప్రయాణానికి ఛార్జి చాలదు. ఆ చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క పెద్ద ప్లగ్గుకు కాపలా ఆయన కూలరు తగిలించి ఉంది. అడగలేక నిలబడ్డాం. ఆయనే కూలరు పీకేసి మా వైరు పెట్టాడు. ఆ ఎండలో, పొద్దు వాలేదాకా, తన చల్లదనం మా బండికి పోశాడు. ఆయన పేరు అడగడం కూడా మర్చిపోయాను. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆయన కోసం ఒక నమస్కారం వేరుగా పెడతాను.

వెనక్కి బయల్దేరేటప్పుడు నాన్న అడకత్తెరను మూసి, చేతిరుమాలుతో ముడి మీద ముడి వేసి ఒళ్లో పెట్టుకున్నారు. మందిర్ హసౌద్ దగ్గర రోడ్డు నున్నగా ఉంది, గట్లేమీ లేవు. ఇల్లు దగ్గరవుతోందన్న ధైర్యంతో కాస్త వేగం పెంచాను. అప్పుడు వినపడింది. టక్. ఒక్కసారే. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు ఆగిన చోటికి జానెడు దూరంలో, నెత్తిన కూరగాయల గంపతో ఒక ముసలమ్మ, మా వైపు చూడకుండా, రోడ్డుకు అడ్డంగా నడుస్తోంది. బండి వస్తున్నట్టు ఆవిడకు వినపడలేదు. ఎలా వినపడుతుంది? తిరిగి మమ్మల్ని చూసి గంప సర్దుకుని, “చుప్పే చుప్ ఆవత్ హస్, భూత్ హస్ కా రే?” అని తిట్టుకుంటూ పోయింది. దెయ్యంలా వస్తావేమే అని. అంత తియ్యటి తిట్టు నేను మళ్లీ వినలేదు.

“నాన్నా, అడకత్తెర మీరు నొక్కారా?”

ఆయన ఒళ్లోకి చూసుకున్నారు. ముడులు ముడులుగానే ఉన్నాయి. “నీకూ వినపడిందా?” అన్నారు.

ఇంటికి చేరేసరికి గుమ్మంలో అమ్మా, బాబాయ్ నిలబడి ఉన్నారు. “ఏం అన్నయ్యా, తోసుకుంటూ వస్తారేమోనని తాడు కూడా తెచ్చాను. బండి నాకా, అమ్మాయికా?” అన్నాడు బాబాయ్. నాన్న దిగి, కారు నెత్తి మీద చెయ్యి వేసి, పైకి, ఖాళీ ఆకాశంలోకి చూశారు.

“సోమవారం నుంచి వెళ్తుంది. పైన వైరుందిరా దీనికి. నాకే కనపళ్లేదు.”

మూగది ఎప్పుడో తుక్కులోకి పోయింది. ఇప్పటి నా కరెంటు కారు నెమ్మదిగా వెళ్లేటప్పుడు జనానికి వినపడాలని తనే సన్నగా మూలుగుతుంది. నాన్నకు చూపు మందగించింది కాబట్టి ఇప్పుడు రంగు నేను పిలుస్తాను, ఆయన తిరిగి పిలుస్తారు. పక్కవాళ్లు చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ. రుమాలు ముడి విప్పని అడకత్తెర ముందు అరలో ఉంది. ఇన్నేళ్లలో మళ్లీ పలకలేదు. వెనక సీటు కనపడకూడదని అద్దాన్ని పైకప్పుకు తిప్పేసిన ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నాలో నేనే నవ్వుకుంటాను. ఇప్పటి కారులో అద్దాన్ని, ఉండాల్సినదాని కన్నా కాస్త కిందికే వంచి ఉంచుకుంటున్నాను.