సుజవ్వ అని నేను కొట్టలేదు

దయ్యాలు లేవు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. కరెంటు పోతే నేను ఫ్యూజు చూసే మనిషినే గాని, దయ్యాన్ని వెతికే మనిషిని కాను. చదివింది అయిదో తరగతి. పత్రికకు రాయడం ఇదే మొదలు. రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి. దొంగ అని మాత్రం అనకండి. ఆ మాట పడ్డందుకే ఇది రాస్తున్నాను.

కరీంనగర్ బస్టాండు దగ్గర నాకు రిపేరు షాపు ఉండేది. మొదట టీవీలు, తర్వాత తొంభైల చివర్లో కంప్యూటర్లు. ఒకరోజు పొద్దున బొగ్గుగనుల కాలనీ నుంచి సుజాత అనే అమ్మాయి లాప్‌టాప్ తెచ్చింది. అది వాళ్ల నాన్నది. గనిలో సర్వేయరుగా చేసేవాడట. చనిపోయి మూడు నెలలైందట. లోపలి హార్డ్ డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటోంది. అది ఇక పనికిరాదు, కొత్తది వెయ్యాలన్నాను.

కొత్త డిస్కు డబ్బా ఆమె ముందే విప్పాను.

"మధ్యాహ్నం రా చెల్లె, అన్నీ ఎక్కించి పెడ్త," అన్నాను.

మిషను తెరవగానే కనిపించాల్సిన తన పేరు చీటీ మీద ఇంగ్లీషులో రాసిచ్చి పోయింది.

ఆపరేటింగ్ సిస్టం ఒక పట్టాన ఎక్కలేదు. మొదట మిషను కొత్త డిస్కును గుర్తే పట్టలేదు. విప్పి చూస్తే ఒక పిన్ను వంగి ఉంది, సరిచేశాను. తర్వాత సగంలో ఆగిపోయింది. సీడీ తుడిచి మళ్లీ మొదటి నుంచి పెట్టాను. చివరికి పేరు అడిగింది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరాలు మాత్రం వస్తాయి. చీటీ చూస్తూ ఒక్కొక్కటే కొట్టాను. ఎస్, యు, జె, ఎ, టి, హెచ్, ఎ. మొత్తం ఏడు.

పని అయ్యాక మిషను ఆపి తెరిస్తే పేరు కనిపించింది. లెక్కపెట్టాను. ఏడు అక్షరాలే. సరే అనుకున్నాను.

సుజాత వచ్చి తెర చూసింది. మొహం మారిపోయింది.

"ఇది మా బాపు డిస్కే. కొత్తది దాసుకున్నవా?"

నాకు అర్థం కాలేదు. చీటీ పక్కన పెట్టి చూపించింది. చీటీలో టి, హెచ్ ఉన్న చోట తెర మీద రెండు 'వి'లు ఉన్నాయి. సుజవ్వ.

"గట్ల పిలిచేది మా బాపు ఒక్కడే. కన్న మా అవ్వ గూడ సుజాత అనే అంటది. పాత డిస్కుల బాపు గదే పేరు కొట్టిండు. నీకెట్ల ఎరుక? పాతదే మల్ల పెట్టినవ్. దొంగవు నువ్వు!"

గల్లీ అంతా విన్నది. పక్కన సైకిల్ షాపు మల్లన్న పంక్చరు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్ల షాపు నాది. ఒక్క స్క్రూ కూడా ఎవరిదీ ఉంచుకోలేదు. పాత డిస్కే పెడితే మిషను అసలు లేస్తుందా? అయినా కొట్టేటప్పుడు వేలు జారిందనుకుందామంటే, టి పై వరుసలో ఉంటుంది, వి కింది వరుసలో. అదీ రెండుసార్లు జారాలా?

వెంటనే మిషను విప్పాను. డిస్కు మీది నంబరు, డబ్బా మీది నంబరు ఆమెతోనే చదివించాను. రెండూ ఒకటే. పాత డిస్కు టేబుల్ మీదే ఉంది.

"అయినా నమ్మవు గదా? డిస్కు మొత్తం తుడిచి మల్ల ఎక్కిస్త. పేరు నువ్వే కొట్టు. నేను కీలు ముట్ట."

గంటన్నర పట్టింది. ఎవరం కదల్లేదు. ఆమె సుజాత అని తనే కొట్టింది. మల్లన్న కూడా చూశాడు. మిషను ఆగి మళ్లీ లేచింది.

సుజవ్వ.

ఆమె తెర మీది ఆ రెండు 'వి'ల మీద వేలు పెట్టింది.

"పేరు మార్చొచ్చు చెల్లె, రెండు నిమిషాల పని," అన్నాను.

"వద్దన్నా. ఉండనియ్యి," అంది.

లాప్‌టాప్ మూసి, చున్నీలో చుట్టుకొని వెళ్లిపోయింది. దొంగ అన్నది గల్లీ అంతా వినేలా. తప్పైందన్న మాట నా ఒక్కడికి వినబడేలా కూడా అనలేదు.

మల్లన్నకైతే ఆట దొరికింది. "అయితే దయ్యమన్న ఒప్పుకో, లేకుంటే దొంగతనమన్న ఒప్పుకో. రెండిట్ల ఒకటి చెప్పు బావా!" అని చాయ్ తాగినప్పుడల్లా అడిగేవాడు.

ఎందుకు ఒప్పుకోవాలి? అదే సీడీతో వేరే మిషన్లో సుజాత అని కొట్టి చూశాను. సుజాత అనే వచ్చింది. నాకంటే చదువుకున్నవాళ్లను అడిగాను. ఒకాయన వైరస్ అన్నాడు. తుడిచిన డిస్కులో, ఆ పేరుతోనే వైరస్ ఉంటుందా?

నేను దొంగను కానని ఆరోజే, అందరి ముందే రుజువైంది. రుజువు చేసింది ఎవరంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.